మసి కాల్చే ఆదివారం

ఐర్లండ్‌లోని లీట్రిమ్ జిల్లాలో ఆ రోజుల్లో పెట్రోలు కారు కొంటానన్నవాళ్ళని జనం జాలిగా చూసేవారు. ప్రభుత్వం కారు పన్నుని పొగను బట్టి వెయ్యడం మొదలుపెట్టింది. డీజిల్ బళ్ళకి ఆ పన్ను తక్కువ పడింది. అంతే, దేశం దేశమంతా డీజిల్‌కి మారిపోయింది. రోజంతా రోడ్డు మీదుండేవాడిదీ డీజిలే, బడి గేటు దాకా వెళ్ళొచ్చే తల్లిదీ డీజిలే, చర్చికీ చర్చి పక్కనున్న బారుకీ తప్ప బండి తియ్యని ముసలాయనదీ డీజిలే. ఆ ఇంజనుకి దూరాలు కావాలనీ, దగ్గర దగ్గర తిరిగితే పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ పూడుకుపోతుందనీ అమ్మినవాళ్ళు చెప్పలేదు, కొన్నవాళ్ళు అడగలేదు. చివరికి మెకానిక్కులే ఒక మందు చెప్పారు: వారానికోసారి పెద్దరోడ్డెక్కించి, ఇంజను అరిచేలా కాసేపు తోలండి, ఆ వేడికి మసి కాలిపోతుంది. పన్ను మిగుల్చుకున్న జనం ఆదివారం మధ్యాహ్నాలు ఏ పనీ లేకుండా డబ్లిన్ రోడ్డు మీద డీజిలు తగలేస్తూ మసి కాల్చుకునేవారు. దీన్ని పొదుపు అనేవారు.

అట్రాక్టా గిల్హూలీ ఆ జనంలో ఒకతె. మోహిల్ చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళ జుట్టు కత్తిరించి, రోలర్లు చుట్టి, రంగు వేసి వచ్చేది. ఊళ్ళో దుకాణం పెట్టుకోవచ్చు కదా అని అందరూ అన్నారు గానీ, ఆమె చేత జుట్టు కత్తిరించుకునేవాళ్ళలో సగంమంది గుమ్మం దాటలేని ముసలమ్మలు. వాళ్ళ వంటింట్లో, వాళ్ళ కుర్చీ దగ్గర, వాళ్ళ కుక్క కాళ్ళకి అడ్డంపడుతుండగా చెయ్యాల్సిన పని అది. రెండు మైళ్ళు వెళ్ళడం, గంటసేపు ఆగడం, మళ్ళీ ఒక మైలు వెళ్ళడం. డీజిల్ ఇంజనుని చంపాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

చాలా ఏళ్ళు ఆమె తిరుగుళ్ళకి బండి తోలింది ఆమె మొగుడు మలకీ. పొద్దున్న పాలకేంద్రం ట్యాంకరులో ఒక్కో గేటు దగ్గరా ఆగి పాలు ఎత్తేవాడు. మధ్యాహ్నం పెళ్ళాన్ని ఎక్కించుకుని మళ్ళీ అవే గేట్లకి వెళ్ళేవాడు. ఆమె లోపల జుట్టు చేస్తుంటే బయట కార్లో పేపరు చదువుకునేవాడు. తరవాత అతని చూపు నడిమి నుంచి పోవడం మొదలుపెట్టింది. అంచులు మిగిలాయి. ఎదుటి మనిషి ముఖం కావాలంటే ఆ మనిషి భుజం పక్కగా గోడని చూడాలి. అందుకే అతను పెళ్ళాన్ని చూస్తున్నప్పుడల్లా ఇంకెటో చూస్తున్నట్టుండేది. ఒకరోజు బయటినుంచి వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "మలుపులో సైకిలు మీద ఒక పిల్లాడున్నాడు అట్టీ. వాడు నాకు దాటిపోయాకే కనబడ్డాడు," అన్నాడు. "రేపట్నించి నువ్వు నేర్చుకో."

ఆమె నేర్చుకుంది. అప్పటికి అమ్మమ్మ అయింది. పరీక్షలో ఒకసారి తప్పింది కూడా.

మలకీ వారంలో మిగతా రోజులు ఆమెతో వెళ్ళడం మానేశాడు. పేపరు చదవలేనివాడు ఎవరింటి బయటో కార్లో కూర్చుంటే పార్సెల్ లాగా ఉంటుందన్నాడు. ఆదివారం మాత్రం వచ్చేవాడు, మసి కాల్చాలి కాబట్టి. డ్రోమోడ్ దాకా చిన్న రోడ్డు, అక్కణ్ణుంచి లాంగ్‌ఫర్డ్ దాకా పెద్దరోడ్డు, మళ్ళీ వెనక్కి. పక్క కిటికీలోంచి పొదలు, గేట్లు, ఆవులు అతని చూపు మిగిలి ఉన్న వైపు నుంచి పరుగెత్తేవి. ఇంజను శబ్దం విని, "ఇంకాస్త లాగు, మూడో గేరులోనే ఉంచు, ఇప్పుడు కాలుతోంది," అనేవాడు. ఆ కాసేపు అతను డ్రైవరు. ఆ ప్రాంతపు మగవాడు పని లేకుండా బయటికి కదలడు. కదలాలని ఉంటే ముందు ఒక పని సంపాదించుకుంటాడు: మేకులు కొనాలి, ఎవరిదో దూడని చూడాలి, ఎవరో పోయారు, అక్కడికెళ్ళి కూర్చోవాలి. మలకీకి మిగిలిన పని మసి ఒక్కటే.

2014 వసంతంలో కారు చచ్చిపోయింది. మెకానిక్ ప్యాకీ బానెట్ మూసి చేతులు తుడుచుకున్నాడు.

"దీనికి దూరం వెళ్ళాలని ఉంటుంది అట్రాక్టా, నీకు పక్కింటికి వెళ్ళాలని ఉంటుంది," అన్నాడు. "మీ ఇద్దరికీ మొదట్నించీ పొత్తు కుదర్లేదు. ఈసారి పెట్రోలు కొనుక్కో. ఏడాది వాడింది దొరుకుతుంది. ఎవరేమన్నా చెవిన పెట్టకు."

ఆమె ఇంటికి వచ్చి, టీ పోస్తూ, ఉన్నదున్నట్టు చెప్పింది. మలకీ ఆమె భుజం పక్కగా చూశాడు.

"పెట్రోలా," అన్నాడు. "సరే. పని నీది." కప్పు తడిమి అందుకుని, "అయితే దానికి మసి గొడవ ఉండదన్నమాట," అన్నాడు.

ఆమె టీకెటిల్ దించింది. కారు విషయం అక్కడితో తేలిపోయింది, కారు కాని విషయం మిగిలింది. డీజిల్ కొంటే మళ్ళీ నాలుగేళ్ళకి బండీ పోతుంది, పనీ చిక్కుల్లో పడుతుంది. పెట్రోలు కొంటే ఈ మనిషికి ఆదివారం పోతుంది. తీసుకెళ్ళమని అతను అడగడు. కాలు విరిగినా అడగడు.

ఆ వారం ఆమె ప్యాకీ ఇచ్చిన అరువు బండిలో వెళ్ళి నోనీ మల్వీ ఇంట్లో రోలర్లు చుడుతోంది. నోనీకి తొంభై దగ్గర పడ్డాయి, నోరు మాత్రం ఇంకా పాతికలోనే ఉంది.

"మొన్న ఆదివారం మీరు రాలేదేం?" అంది నోనీ.

"కారు పోయింది. అయినా మేమెప్పుడు వచ్చాం మీ ఇంటికి ఆదివారం?"

"ఇంట్లోకి కాదే తల్లీ. గేటు ముందునుంచి. మీ ఆయన కిటికీ దించి చెయ్యి ఊపుతాడు కదా. నేనూ ఊపుతాను."

"ఆయనకి మీరు కనబడరు నోనీ."

"కనబడకపోతే నాకేం? నేనుండేది ఇక్కడేనని ఆయనకి తెలుసు. మా ఆయన పోయినప్పుడు పాలు ఎత్తడానికొచ్చి గేటు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. చావు ఇంటికొచ్చి 'దేవుడి ఇష్టం' అనని మనిషి ఆయనొక్కడే. మెల్లగా లాగవే, అది జుట్టు, గడ్డివాము కాదు."

అట్రాక్టా ఎప్పుడూ రోడ్డే చూసేది కాబట్టి ఈ ఊపుళ్ళు గమనించలేదు. మలకీ గాలి కోసం కిటికీ దించుతాడనుకుంది. మిగతా ఇళ్ళలో అడిగితే వాళ్ళూ అదే చెప్పారు. ఉన్నా లేకపోయినా ప్రతి గేటుకీ ఊపుతాడట. ఒకావిడ బట్టలు ఆరేస్తూ ఊపుతుందట. ఇంకొకామె ఇంట్లో లేనప్పుడు కుక్క మొరుగుతుందట.

శనివారం కారిక్‌లో కార్లమ్మే ఆవరణకి ముగ్గురు వెళ్ళారు. మూడోవాడు మలకీ తమ్ముడు ఫింటన్. అతనికి కార్ల గురించి తెలియనిది లేదు. తెలిసినదానిలో నిజమెంత అన్నది వేరే లెక్క. ఆవరణ కుర్రాడు కాహల్ ఒక ఎర్రటి అయిదు తలుపుల బండి చూపించాడు. ఏడాది వయసు. వెనక మనవలిద్దరి సీట్లూ పడతాయి, డిక్కీలో హెయిర్ డ్రయ్యరు స్టాండుతో సహా పడుతుంది. పెట్రోలు.

"డబ్లిన్ నంబరు," అన్నాడు ఫింటన్ వంగి ప్లేటు చూస్తూ. "ఊళ్ళో మీకు లాటరీ తగిలిందనుకుంటారు, లేకపోతే ఎవరో డబ్లిన్‌వాడు ఇల్లు కొన్నాడనుకుంటారు. పైగా పదమూడో సంవత్సరం బండి."

"పదమూడు కాదండి, నూట ముప్ఫయ్యొకటి," అన్నాడు కాహల్. జనం పదమూడంటే జడుసుకుని కార్లు కొనరేమోనని ప్లేట్ల మీద పదమూడు పక్కన ఏడాదిలో ఏ సగమో చెప్పే అంకె ఒకటి చేర్చి అలా మార్చారు. దేశాన్ని ఏలేవాళ్ళు కూర్చుని ఆలోచించి మరీ చేసిన పని అది.

"ఎన్ని అంకెలు తగిలించినా అది పదమూడే," అన్నాడు ఫింటన్. "ఈ పక్కనే డీజిల్ ఉంది చూడు అట్టీ. పన్నులో సగం మిగులుతుంది."

"మిగిలింది ప్యాకీకి ఇస్తానుగా," అంది అట్రాక్టా. "తాళంచెవి ఇవ్వబ్బాయ్, ఒకసారి తిప్పుతాను."

ముగ్గురూ ఎక్కారు, మలకీ ముందు సీట్లో, ఫింటన్ వెనక. బండి పక్షిలా లేచింది. మలకీ చెవి రిక్కించి కూర్చున్నాడు. కూడలి దగ్గర ఆగితే, "ఆగిపోయిందా ఇంజను?" అన్నాడు.

"లేదు, నడుస్తోంది."

"మంచిదే," అన్నాడు. నది దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. దిగాక మలకీ కాహల్ గొంతు వచ్చిన వైపు తిరిగి, టోపీ సర్దుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"ఒక మాట చెప్పు బాబూ. దీన్ని ఎప్పుడూ దూరం తోలకపోతే ఏమన్నా చెడుతుందా?"

"అబ్బే, లేదండి మలకీ గారూ. కొట్టుకీ ఇంటికీ తిప్పుకోండి, హాయిగా ఉంటుంది. దీనికి ఏ అవసరమూ లేదు."

"ఏ అవసరమూ లేదు," అన్నాడు మలకీ. "చాలా బాగుంది అయితే." అని పక్కకి వెళ్ళి, అమ్మకానికి పెట్టిన ఒక ట్రాక్టరు చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఫింటన్ గొప్పలవాడే గానీ అన్న మీద ప్రేమ లేనివాడు కాదు. అట్రాక్టా మోచెయ్యి పట్టుకుని రెండడుగులు తీసుకెళ్ళాడు. "పెట్రోలుకి కూడా వారానికోసారి దూరం కావాలని చెప్పెయ్యి," అన్నాడు మెల్లగా. "ఆ కుర్రాడి చేత నేను చెప్పిస్తాను. ఏం పోయింది? సంతోషిస్తాడు."

అలాంటి అబద్ధాలంటే ఆ ప్రాంతానికి మహా ఇష్టం. ముసలివాళ్ళకీ జబ్బువాళ్ళకీ అవి టీతో పాటు అందుతూనే ఉంటాయి. నువ్వు బాగున్నావు, రంగు తేలావు, వేసవికల్లా లేచి తిరుగుతావు. అట్రాక్టా అలాంటివి జుట్టు కత్తిరిస్తూ వేలు విని ఉంటుంది, కొన్ని తనూ చెప్పి ఉంటుంది. చెప్పించుకున్నవాళ్ళ ముఖాలు అద్దంలో చూసింది కూడా. వాళ్ళెవరూ నమ్మలేదు. నమ్మినట్టు ఉండే పని కూడా వాళ్ళ మీదే పడేది.

"జన్మంతా ఇంజను మీద కూర్చున్న మనిషికి ఇంజను గురించి అబద్ధం చెప్పమంటావా ఫింటన్," అంది. "ఆయనకి పోయింది కళ్ళు. బుర్ర కాదు."

ఆమె ట్రాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"నేను ఎర్రది కొంటున్నాను," అంది.

"కొను. మంచి బండి. క్లచ్ తేలిక."

"ఆదివారం వెళ్దాం."

"దేనికి? దానికి అవసరం లేదని చెప్పాడుగా."

"బండికి లేదు. నాకుంది." ఇంకేదో అనబోయి ఆగింది. ముసలమ్మల గేట్ల సంగతి చెప్పవచ్చు, కానీ అది అతను దాచుకున్నది, ఆమె బయటికి లాగాల్సింది కాదు. "వారమంతా వాళ్ళ కబుర్లే వింటాను మలకీ. ఆ ఒక్కపూటే నా మొగుడితో కూర్చునేది. అది మసి దయవల్ల వచ్చింది, సరే. మసి పోయినంత మాత్రాన నేను మానుకోను."

మలకీ ఆమె చెవి పక్కగా దూరంగా ఎటో చూశాడు. అంటే ఆమెనే చూస్తున్నాడు.

"ఎక్కడికని చెప్తాం ఎవరన్నా అడిగితే?" అన్నాడు.

"ఎక్కడికీ కాదని చెప్తాం."

"అమ్మో," అన్నాడు. "పిచ్చెక్కిందనుకుంటారు."

"అనుకోనీ. డబ్లిన్ నంబరు చూసి ఎలాగూ ఏదో ఒకటి అనుకుంటారు."

లోపల ఆఫీసులో ఫింటన్ పాతకాలపు పశువుల సంతలోలాగా కాహల్ చెయ్యీ వదిన చెయ్యీ పట్టుకుని రెండూ కలిపి గట్టిగా చరిచాడు. ధర అప్పటికే ఖాయమైంది గనక దాంతో ఒరిగిందేమీ లేదు, కానీ అది లేకపోతే బేరం బేరంలా ఉండదన్నాడు.

తరవాతి ఆదివారం భోజనమయ్యాక మలకీ రేడియో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. బయలుదేరే వేళ అయింది, అయినా లేవలేదు. అట్రాక్టా అతని కోటు తెచ్చి కుర్చీ చేతి మీద వేసింది. వంటింట్లో గిన్నెలు కడిగింది, బయటికి వెళ్ళి బండి తలుపు తీసి కూర్చుంది. ఇంజను స్టార్టు చెయ్యలేదు, చేసినా ఇంట్లోకి వినబడదు. అతను రాకపోతే ఏం చెయ్యాలో ఆమె ముందుగా అనుకోలేదు. లోపలికి వెళ్ళి బతిమాలడం మాత్రం కుదరదు. బతిమాలితే అది అతనికి చేసిపెట్టిన పని అవుతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

రేడియో ఆగింది. మలకీ గుమ్మంలో కనబడ్డాడు, కోటు తొడుక్కుని, గుండీలు ఒకటి తప్పి మరొకదానికి పెట్టుకుని. గోడ పట్టుకుని వచ్చి ఎక్కాడు.

"మన ఇద్దర్నీ చూస్తే ఫింటన్ నవ్వుతాడు," అన్నాడు.

"ఫింటన్ పొద్దున్నే లాంగ్‌ఫర్డ్ వెళ్ళాడు. మసి కాల్చడానికి."

మలకీ నవ్వాడు. చాలాసేపు నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

సందు చివర రోడ్డు దగ్గర ఆమె బండి ఆపింది. కుడికి వెళ్తే డ్రోమోడ్, పెద్దరోడ్డు. మసి ఉన్నన్నాళ్ళూ కుడికే తిరగాల్సి వచ్చేది. ఎడమకి క్లూన్ వైపు గుట్టల దారి, వంకర్లు, గుంటలు, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తొయ్యాల్సిన దారి. ఆ దారిలో వేగంగా వెళ్ళడం ఎవరివల్లా కాదు. మలకీ ట్యాంకరు మొదట తిరిగిన గ్రామాలు అటే. ఇన్నేళ్ళ ఆదివారాల్లో వాళ్ళు ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు.

"ఎటు?" అంది.

మలకీ ముందు కుడికి, తరవాత ఎడమకి తల తిప్పాడు. ఇన్నాళ్ళూ తనని ఎవరూ అడగని ప్రశ్న అది. వెనక ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. తోలేవాడు హారను కొట్టలేదు, ఇంజను ఆపుకుని సిగరెట్టు ముట్టించుకున్నాడు.

"ఎడమకి," అన్నాడు మలకీ చివరికి. "మెల్లగా పోనీ."