శుక్రవారం ముహూర్తం

కరీంనగర్‌లో ఎలక్ట్రానిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి పెట్టిన కొత్తలో నన్ను అక్కడికి బదిలీ చేశారు. తొంభైల మొదటి సంవత్సరాలు. ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. యంత్రాల గదిలోకి చెప్పులు బయట విడిచి రావాలి, దుమ్ము పడకూడదు, పని లేనివాళ్ళు అడుగు పెట్టకూడదు. ఈ నియమాలకు కాపలాదారు నేనే కాబట్టి నా దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. ఊరందరి మాటలూ ఆ గది గుండానే పోతుండేవి, నాతో మాట్లాడే మనిషి మాత్రం లేడు. చెబితే నవ్వుతారు గానీ, కొన్ని సాయంత్రాలు అద్దెగదిలో దగ్గితే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

అందుకే ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ మెట్ల దగ్గర చాయ్ తాగడం అలవాటు చేసుకున్నాను. శుక్రవారం పొద్దున అక్కడ జాతరే. గల్ఫ్‌లో ఆ రోజు సెలవు. అక్కడ పనిచేసే మగవాళ్ళు ఫలానా శుక్రవారం ఫోన్ చేస్తామని ముందే జాబు రాసేవారు. ఇక్కడి ఆడవాళ్ళు తొలి బస్సుకే దిగి, మెట్ల మీద సద్దిమూటలు పెట్టుకుని కూర్చునేవారు. ఫోన్ మోగితే బూత్ యజమాని ఊరి పేరు పట్టి కేకేసేవాడు. ఒక్కొక్కరూ అద్దాల గదిలోకి వెళ్ళి, తలుపు మూసుకుని, ఏడ్చి, నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చేవారు. ఆ పూట వాళ్ళ మధ్య నిలబడితే నాకూ ఎవరో ఉన్నట్టే అనిపించేది.

వాళ్ళలో హుస్నాబాద్ అవతలి పల్లె నుంచి వచ్చే ఒకామె నన్ను అన్నా అని పిలిచేది. ఆ ఊళ్ళో నన్ను వరస పెట్టి పిలిచింది ఆమె ఒక్కతే. ఒక శుక్రవారం తనంతట తానే చెప్పుకొచ్చింది.

“మా ఆయన వచ్చే శుక్రారం ఫోన్ జేస్తనని రాసిండన్నా. శనారం కాయితం మీద సంతకం పెట్టాల్నట. పెడ్తె ఇంకా రెండేండ్లు ఆడ్నే. నువ్వెట్లంటె అట్ల అని రాసిండు. రమ్మని జెప్త.”

“జాబు రాయలేదా?”

“జాబు పొయ్యేటాల్లకు సంతకం అయిపోతది. పిలగానికి ఫోటో సూపిస్తె గీయనెవరే అంటుండు. ఇంక నాతోని గాదన్నా.”

ఆమె అలా చెప్పిన వారంలోనే మా ఎక్స్ఛేంజికి యంత్రాన్ని నడిపే కొత్త ప్రోగ్రాం వచ్చింది. సీలు వేసిన పెట్టెలో టేపు, దానితో పాటు హైదరాబాదు నుంచి సూచనలు. సీలు ఇద్దరు చూసి సంతకాలు చెయ్యాలి. రద్దీ లేని ఆదివారం తెల్లవారుజామున ఎక్కించాలి. పాత టేపు చేతికందేలా పెట్టుకోవాలి. కొత్తది నిలబడకపోతే, హైదరాబాదుకు ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాకే పాతదానికి తిరిగి వెళ్ళాలి. ఇవన్నీ బుద్ధిగా రాసిన మాటలే. మాలాంటి పెద్ద శాఖలో ఒకడి తొందర పదిమంది మెడకు చుట్టుకుంటుంది.

మా ఆఫీసరు పంచాంగం తెరిచాడు.

“ఆదివారం వద్దయ్యా, ఆ రోజు ఏమీ బాగాలేదు. శుక్రవారం దశమి, తొమ్మిదిన్నరకు దివ్యమైన ముహూర్తం” అన్నాడు.

“సార్, గల్ఫ్ ఫోన్లు వచ్చేది సరిగ్గా ఆ పూటే.”

“ఈ ఫోన్ల లెక్కల కాగితం చూడు, శుక్రవారం పొద్దున ఎంత ఖాళీగా ఉందో.”

ఆ కాగితంలో ఉన్నవి మా ఊరి నుంచి బయటికి వెళ్ళే ఫోన్లు. వచ్చేవాటిని అందులో ఎవరూ రాయలేదు. ఆ సంగతే చెప్పాను. కొత్త కోడలిని ముహూర్తం చూడకుండా గడప దాటిస్తామా అని నవ్వేశాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

శుక్రవారం ఆఫీసరు కొబ్బరికాయ, అగరుబత్తులతో వచ్చాడు. పొగ యంత్రానికి పడదని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ముఖం చిట్లించుకుని కాయ బయటే కొట్టాడు. తొమ్మిదిన్నరకు ఎక్స్ఛేంజి ఆపి కొత్త టేపు ఎక్కించాను. దీపాలు వెలిగాయి. ఊళ్ళో ఫోన్లు ఊళ్ళోకి మోగాయి. బయటి లైన్లు ఒక్కటీ లేవలేదు. మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ అంతే.

“పాతది పెట్టేస్తాను సార్.”

“హైదరాబాదు అనుమతి లేకుండానా?”

“హైదరాబాదుకు ఫోన్ ఎట్లా చెయ్యమంటారు? లైన్లే లేవు కదా.”

ఆయన జీపు వరంగల్ పంపించి అక్కడి నుంచి ఫోన్ చేయిద్దామన్నాడు. అంటే సాయంత్రం. కిటికీలోంచి చూస్తే బూత్ ముందు మెట్లు కనిపించడంలేదు, అంతమంది జనం. నేను పాత టేపు తీశాను.

“నేను చూడలేదు. నాకేమీ తెలియదు” అని ఆఫీసరు గది బయటికి నడిచాడు.

తప్పితే ఉద్యోగం పోతుందని తెలుసు. నా పక్కన నిలబడేవాడు ఒక్కడూ లేడు. పాత ప్రోగ్రాం నిదానంగా ఎక్కింది. పన్నెండు దగ్గర పడుతుండగా బయటి లైన్లు ఒకటొకటిగా లేచాయి. లేచీ లేవగానే అన్నీ నిండిపోయాయి, అవతల వాళ్ళు ఎంతసేపటి నుంచి ప్రయత్నిస్తున్నారో. లైన్లు నిలబడ్డాయని రూఢి చేసుకున్నాక, పరిగెత్తినట్టే రోడ్డు దాటాను.

“ఇయ్యాల్నే సావాల్నా మీ మిషిన్?” అని ఎవరో తిట్టారు. బూత్ నిండా మనుషులే. అద్దాల గదిలోకి కూడా జనం దూరారు, తలుపు మూసుకోవడంలేదు. ఆమె మాత్రం బయట, సద్దిమూట విప్పకుండానే, బస్సుకు బయలుదేరుతోంది.

“ఫోన్ వచ్చిందా చెల్లె?”

“వచ్చిందన్నా.”

“రమ్మన్నావా?”

ఆమె ఆ తలుపు వైపు చూసింది.

“మీదవడి నిలవడ్డరన్నా. ఎన్కకెళ్ళి జల్ది జల్ది అనవట్టిరి. మా ఊరోళ్ళున్నరు, మా పెద్దబావున్నడు. గంతమంది ముంగట మొగనికి రా అని ఎట్ల జెప్త? అందరం మంచిగున్నం, నీ ఇష్టం అన్న. సరే అన్నడు.”

“మళ్ళీ చేస్తాడేమో, కాసేపు ఉండు.”

“చెయ్యడు. పైసలు అయిపోయినై అన్నడు.”

కావాలంటే ఎక్స్ఛేంజి లోపలి నుంచి నేనే కలిపి ఇస్తాను, ఏ నియమం ఎటుపోయినా పోనీ అనుకున్నాను. నంబరు అడిగాను. ఏ బూత్ నుంచి చేశాడో ఆమెకు తెలియదు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది, ముఖం తిప్పుకున్నాను. నా పని చెడి ఆమెకు ఫోన్‌లో మాట సరిగా వినిపించలేదేమోనని నేను బాధపడుతున్నానని ఆమె అనుకుంది.

“నువ్వేం ఫికర్ జేయకన్నా” అంది. “పక్కన కూసోని మాట్లాడినట్టే ఇనవడ్డది.”