బెల్టు తిరిగితేనే ఫొటో

నిన్న మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నానో లేదో ఫోన్.

"సార్, కెమెరా ఖాజా పైనుంచి పడినాడు సార్. పోయినాడు."

ఏ ఖాజా అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకెవరైనా ఖాజా అయితే బాగుండునని ఆశపడ్డాను. ఎంత నీచమైన ఆశ అది.

నందికొట్కూరు ఖాజా మొహిద్దీన్. పాలిటెక్నిక్‌లో మూడేళ్లూ నా పక్క బెంచీ. ఫ్యాక్టరీల్లో కెమెరాలు బిగించి, వాటి ఫొటోలు వాటంతటవే సర్వరుకు చేరేట్టు చెయ్యడం వాడి పని.

ఈ పొద్దున మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాను.

ఏడుద్దామని కూర్చున్నాను. ఏడవనివ్వలేదు. వాట్సాప్‌లో అప్పటికే వాడు పడిన మిల్లు వాళ్ల మాట తిరుగుతోంది. "బెల్టు ఆపే ఉంది. ఆయనే తొందరపడి కాలు జారాడు."

చచ్చినవాడి మీద తప్పు నెట్టడం ఎంత సులువో చూడండి. వాడు లేచి కాదనలేడు కదా.

నేను కాదంటాను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మంగంపేట వైపు ఒక మిల్లు. ముగ్గురాయిని పొడి కొట్టే మిల్లు. రాయి బెల్టు మీద వెళ్తుంటే పైనున్న కెమెరా దాని రంగును ఫొటో తీస్తుంది. తెల్లగా ఉంటేనే ధర. మునుపు సూపర్‌వైజరు ప్రతి శనివారం తెల్లరాయి ఫొటోలు ఏరి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, సరుకు కొనే కంపెనీకి పంపేవాడు. ఫొటోలు తెలుపు, లారీలో రాయి నలుపు. కొనేవాళ్లు గొడవ చేస్తే ఖాజాను పిలిచారు.

ఖాజా చేసింది ఒకటే. కెమెరా తీసిన ప్రతి ఫొటో, టైముతో సహా, నేరుగా కర్నూలులో కొనేవాళ్ల సర్వరుకు పోవాలి. మిల్లులో ఎవరూ ముట్టుకోకూడదు.

"మధ్యలో మనిషి చెయ్యి ఉండగూడదప్పా. చెయ్యి ఉంటే బాగుండే ఫొటోలే ఆడికి పోతాయి" అనేవాడు.

మొన్న దసరాకు కర్నూలు నుంచి మిల్లుకు ఫోన్ వచ్చింది, మీ రాయి ఎర్రగా వస్తోందేమని. ఆయుధపూజ నాడు రాయి ఏరే ఆడవాళ్లు కెమెరాకు బొట్టు పెట్టారు. సరిగ్గా అద్దం మీద.

ఆ రోజు యూనియన్ పని మీద నేనూ అక్కడే ఉన్నాను. మూఢనమ్మకాల మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. ఖాజా నా వైపు చూడను కూడా లేదు. చేతిగుడ్డతో అద్దం తుడిచి, కుంకుమ పట్టుకున్న పెద్దామెను పిలిచాడు.

"అవ్వా, కంటి మీద పెడితే దానికి యాడ కనపడతాది? ఈడ పెట్టు, వీపు మీద."

"మీరు సాయిబులు గదా నాయనా, తప్పు పట్టుకోరు గదా?"

"నాకేం తప్పవ్వా. నా స్క్రూడ్రైవర్లకు గూడా పెట్టు, పుణ్యముంటాది."

తర్వాత టీ దగ్గర నేను విరుచుకుపడ్డాను. నువ్వు యజమానికి కన్ను అమర్చి పెడుతున్నావు, రేపు అదే కన్ను ఆ అవ్వ ఎన్నిసార్లు నడుం వాల్చిందో లెక్కపెడుతుంది అన్నాను.

"శానా చదివినోడివి, ఇది గూడా విను" అన్నాడు. "బెల్టు తిరిగితేనే అది ఫొటో తీస్తాది. బెల్టు ఆగితే కన్ను మూసుకుంటాది. దానికి రాయి తప్ప మనిషితో పని లేదప్పా."

నేను వినలేదు. ఆ వారమే ఇక్కడే, ఇదే గోడ మీద, "దొర కన్ను" అని పెద్ద పోస్టు రాశాను. మీరంతా లైకులు కొట్టారు. దాని కింద ఖాజా కామెంటు ఒక్కటే లైను.

"కర్నూలుకు వచ్చి ఆ ఫొటోలు చూసి రాసింటే బాగుండు కదప్పా."

జవాబివ్వలేదు. మళ్లీ మాట్లాడలేదు. నిన్నటితో ఆ వీలూ పోయింది.

ఇప్పుడు నిన్నటి సంగతి. నాకు చెప్పినవాళ్ల పేర్లు రాయను, వాళ్ల పని పోతుంది.

అద్దానికి దుమ్ము పట్టింది. తుడవాలంటే బెల్టు ఆపి ఎక్కాలి. ఖాజా ఆపమని అడిగాడు. "లారీ నిలబడి ఉండాది, అట్లే తుడిచి దిగప్పా" అన్నారు మిల్లు వాళ్లు. పైన నడిచే దారికి ఒక పక్క పట్టుకునే కమ్మీ లేదు. రిపేరుకని తీశారు, మళ్లీ పెట్టలేదు. వాడు ఎక్కాడు. తిరుగుతున్న బెల్టు మీదికి వంగి తుడుస్తూ పడ్డాడు.

బెల్టు ఆగే ఉందంటారా? మంచిది. అయితే ఆ టైముకు సర్వరులో ఫొటోలు ఉండకూడదు. ఉంటే, బెల్టు తిరుగుతున్నట్టే. వాటిని ఏరడానికి, చెరపడానికి మిల్లులో ఎవరికీ దారి లేదు. ఆ దారి మూసింది ఖాజానే.

ఒకటే భయం. నెల దాటిన ఫొటోలు సర్వరులో వాటంతటవే చెరిగిపోతాయి. ఆ ఏర్పాటు కూడా వాడిదే. కొనేవాళ్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే "చూస్తాం" అన్నారు. చూస్తాం అనే మాటకు ఈ దేశంలో అర్థమేమిటో నాకు తెలుసు. అందుకే రేపు పొద్దున నేనే కర్నూలులో వాళ్ల గుమ్మం ముందు ఉంటాను. రాగలిగినవాళ్లు రండి.

ఖాజా, మధ్యలో మనిషి చెయ్యి ఉండగూడదన్నావు. నిన్నటి ఫొటోల్లో ఏదో ఒకదాంట్లో నీ చెయ్యే ఉంటుంది, చేతిగుడ్డ పట్టుకుని.

ఆ పాత పోస్టు తీసెయ్యను. నా సిగ్గు అక్కడే ఉండనీ. నీ కామెంటు కింద ఇందాకే జవాబు పెట్టాను. "వస్తున్నా. చూసే రాస్తా."

నేను దేవుణ్ణి నమ్మను. నువ్వు నమ్మేవాడివి. ఈ ఒక్కసారికి నీ మాటే నిజం కావాలి, ఆయన దగ్గర నీకు నెమ్మది దొరకాలి.

పోయిరా అప్పా.