బొంగరానికీ దువ్వెనకీ మధ్య

మా అన్నయ్య కూతురు ఒకచోట కుదురుగా కూర్చోగా నేనింతవరకూ చూళ్లేదు. మనిషి కూర్చున్నా కాలు కూర్చోదు. భోజనాల బల్ల కింద అది కాలు ఊపుతుంటే బల్ల మీద గ్లాసులో నీళ్లు వణుకుతాయి. పళ్లు తోముకుంటూ మేడెక్కుతుంది, ఫోన్లో మాట్లాడుతూ మెట్లు దిగుతుంది. టీ అడుగుతుంది, సగం తాగి ఏ కిటికీలోనో పెట్టి మర్చిపోతుంది, మళ్లీ టీ అడుగుతుంది. అందుకే చిన్నప్పుడే దానికి బొంగరం అని పేరు పెట్టేశాం. అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని అదే వెనక్కి తిరిగి చూస్తుంది! ఆఫీసు దగ్గరని మా ఇంట్లోనే ఉంటోంది. ఏళ్ల తరబడి బళ్లో "కదలకండర్రా" అని అరిచి అరిచి రిటైరైనదాన్ని, నాకు ఇంట్లోనే ఇలాంటిది దొరికింది. నాకైతే భలే సరదా. మా ఆయనకి మాత్రం దాన్ని చూస్తే కళ్లు తిరుగుతాయిట.

ఇది సాఫ్ట్‌వేర్ రాస్తుంది. నేనా, తెలుగు మీడియం మనిషిని. రాసేదేమిటో ఓ పట్టాన అర్థం కాలేదు. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ అడిగాను.

"కంటి ఆపరేషనైనవాళ్లకి 'ఫలానా రోజు చెకప్‌కి రండి' అని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది కదా అత్తయ్యా, అది పంపేది మేమే."

"నువ్వే కూర్చుని అందరికీ పంపుతావుటే?"

"నేను కూర్చుంటానా, నీకు తెలీదూ! నేను రాసిన కోడ్ పంపుతుంది."

ఇంతకుముందు ఇది టెస్టింగ్‌లో ఉండేది. అంటే వేరేవాళ్లు రాసినదాన్ని నొక్కి చూసి, ఎక్కడ తప్పుందో చెప్పే పని. మంచి పనే. కానీ దీని మనసంతా రాయడం మీదే. మేనేజర్ వెంటపడి, బతిమాలి, పోట్లాడి మొత్తానికి రాసేవాళ్ల జట్టులోకి వచ్చింది. మేనేజర్ ఒప్పుకున్నాడు గానీ ఓ మెలిక పెట్టాడు. "ఒక పని ఇస్తా. ఈసారి రిలీజ్‌లో అది వెళ్లిందా, ఉంటావు. లేదా, మళ్లీ టెస్టింగే." రిలీజ్ అంటే అందరూ రాసినవన్నీ కలిపి ఒక్కసారిగా ఆసుపత్రులకి పంపే రోజన్నమాట.

ఇచ్చిన పని చిన్నదే. పేషెంటు చెకప్ తేదీ మార్చుకుంటే పాత తేదీ మెసేజ్ రద్దవ్వాలి, కొత్త తేదీ మెసేజ్ వెళ్లాలి. ఇప్పుడు రెండూ వెళుతున్నాయిట. పాపం, కంటికి కట్టు కట్టుకుని పెద్దవాళ్లు పాత తేదీకి వచ్చి కూర్చుంటున్నారుట.

బొంగరం రెండు గెంతుల్లో రాసి పడేసింది. పనిచేసింది కూడా. అక్కడికి అయిపోవాలా? అవలేదు. వాళ్ల ఆఫీసులో ఎవరు రాసినా అది ఇంకొకళ్లు చదివి 'ఓకే' అంటేగానీ లోపలికి వెళ్లదు. దానికో నియమావళి. పేర్లు ఎలా పెట్టాలి, ఎక్కడ ఎంత ఖాళీ వదలాలి, ఒక్కో ముక్క ఎంత పొడుగుండాలి, అన్నీ రాసిపెట్టుకున్నారు. చదివేది ఓ సీనియరు. ఇది ఆయనకి పెట్టిన పేరు దువ్వెన, ఎదుటివాడి కోడ్‌లో చిక్కు కనిపిస్తే దువ్వకుండా వదలడని. ఓసారి వీడియో కాల్లో చూశాను, నున్నటి గుండు! నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

ఇంటినుంచి పని చేసే రోజున వాళ్ల సంభాషణంతా నా చెవిన పడుతుంది మరి, చెవులు మూసుకోలేను కదా.

"ఇదేంటమ్మా, ఇక్కడ దీనికి 'పిచ్చి' అని పేరు పెట్టావు?"

"అదా అన్నా... మెసేజ్ రెండుసార్లు వెళుతోందని ఒళ్లు మండి పెట్టాను."

"నీ ఒళ్లు మండడం సరే. రేపు నువ్వు సెలవులో ఉంటే ఈ పిచ్చి ఎవరు కుదర్చాలి?"

"పనిచేస్తోంది కదన్నా!"

"పనిచేస్తోంది. నేను చదవలేకపోతున్నాను. వెనక్కి పంపిస్తున్నా."

పేరు మార్చి పంపింది. వెనక్కొచ్చింది, ఈసారి ముక్క మరీ పొడుగని. కత్తిరించి పంపింది. ఖాళీలు ఇష్టమొచ్చినట్టున్నాయని మళ్లీ వచ్చింది. ఇది లేచి హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలెట్టింది.

"కోడ్ చూడమంటే నా దస్తూరీ దిద్దుతాడేంటత్తయ్యా! కంప్యూటర్‌కి ఖాళీలతో ఏం పని?"

మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "ఆయన చెప్పినట్టు రాసి పడేస్తే పోయేదిగా" అన్నారు.

"మామయ్యా, మీరు ముందు చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోండి."

చూస్తే నిజంగానే ఒక గుండీ ఎక్కువ, ఒక కాజా తక్కువ. ఆయన గమ్మున గుండీలు విప్పుకున్నారు.

రిలీజ్ దగ్గర పడుతోంది. మేనేజర్ రోజూ ఫోన్. "అయిందా? అయిందా?" ఇది తినడం మానేసింది. మానేసిందంటే, నిలబడి తిని అది తినడం కాదంటోంది. మళ్లీ టెస్టింగ్ కుర్చీలోకి వెళ్లాలన్న భయం, దువ్వెన మీద కోపం, రెండూ కలిసి దాన్ని ఇంట్లో ఒక్కచోట నిలవనివ్వలేదు. నాకూ అంటుకుంది. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్లొచ్చేశాను. గిన్నె సంగతి ఎందుకులెండి.

రిలీజ్‌కి ముందురోజు మధ్యాహ్నం బల్ల దగ్గర నుంచి ఒక్క అరుపు అరిచింది. "దువ్వాలా? దువ్వుతా! వాళ్ల తాతల నాటి కోడ్ కూడా దువ్వి పడేస్తా!"

ఏదో మీట ఉందిట. అది నొక్కితే ఖాళీలూ, బ్రాకెట్లూ, వరుసలూ అన్నీ వాటంతటవే సర్దుకుంటాయిట. తన కోడ్ ఒక్కటే కాకుండా, తన కోడ్ ఉన్న పాత ఫైళ్లన్నిటి మీదా నొక్కేసింది. పనిలో పనిగా తన పొడుగాటి ముక్కని చిన్న చిన్న ముక్కలుగా కోసి, చూడ్డానికి అందంగా ఉండేట్టు అటూ ఇటూ జరిపింది. అంతా ఒకే గంపలో వేసి దువ్వెనకి పంపేసింది.

నేను టీ పెట్టడానికి వెళ్లాను. టీ పొంగేలోపే జవాబొచ్చేసింది. దువ్వెన రాసినదాన్ని బొంగరం నాకు చదివి వినిపించింది. "ఇన్నాళ్లకి ఇల్లు సర్దావమ్మా. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఓకే."

దాని గంతులు ఏం చెప్పను! నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. మా ఆయన చేతిలో పేపరు లాగి టోపీ చేసి ఆయన నెత్తినే పెట్టింది. "నేనింక రాసేదాన్నే అత్తయ్యా! టెస్టింగ్‌కి టాటా!"

సాయంత్రానికల్లా ఆ గంతులు పోయాయి. తిరుగుడు మాత్రం ఆగలేదు. గోళ్లు కొరుక్కుంటూ తిరుగుతోంది.

"మళ్లీ ఏమైందే?"

"ఆయన అంత తొందరగా ఎలా చదివాడు?"

"చేయి తిరిగినవాడు కదా."

"ఎంత చేయి తిరిగినా కుదరదత్తయ్యా. నేను పంపింది వేల వరుసలు. మారిన ప్రతి వరుసకీ కంప్యూటర్ రంగు వేసి చూపిస్తుంది. ఖాళీ మారినా అదే రంగు, అర్థం మారినా అదే రంగు. ఆయనకి తెరంతా రంగే కనబడి ఉంటుంది. నేను నిజంగా మార్చింది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"ఓకే అన్నాడు కదే. నీకెందుకింక?"

"అందుకే భయంగా ఉంది."

ఇంట్లో ఉండలేక వీధిలోకి నడిచింది. నేనూ చెప్పులేసుకుని వెనకాల పరిగెత్తాను. కేబుల్ కోసం రోడ్డు సగం తవ్వేసి పెట్టారు, మట్టి కుప్పల పక్కనుంచి నడవాలి. అది ముందు, నేను వెనక, ఆయాసపడుతూ. చెప్పొద్దూ, నాకు దాని భయం అర్థమైంది. బళ్లో ముత్యాల్లాంటి దస్తూరీ కనబడితే చాలు, లోపల ఏం రాశాడో చూడకముందే సగం మార్కులు పడిపోతాయి. ఏ మాస్టారికైనా అంతే.

బస్టాపు దగ్గర టక్కున ఆగింది. ఫోన్‌లో ఆ నియమావళి తెరిచి వెతికి, ఒక వరుస చూపించింది. సర్దుబాటు ఒకసారి, అసలు మార్పు ఒకసారి, రెండూ కలిపి పంపకూడదని ఉంది.

"ఇది చదివి నవ్వుకున్నానత్తయ్యా. పనిలేనివాళ్లు రాశారనుకున్నా. ఇన్నాళ్లూ ఇవన్నీ అందం కోసం అనుకుంటున్నా. చదివేవాడి కోసమా!"

"ఇది చెప్పడానికి నన్నింత దూరం పరిగెత్తించావా?"

"పద, పద, ఇంటికి పద!"

మళ్లీ పరుగు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచింది. సర్దినవన్నీ ఒక పక్కకి తీసేసింది. మిగిలింది తను మార్చినది, తెరలో పావు వంతు కూడా లేదు. దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆ కాలు కూడా ఆగింది! అప్పుడు భయమేసింది నాకు.

"ఏంటే?"

"కొత్త తేదీ మెసేజ్ పెడుతోంది. ఆ తర్వాత ఆ పేషెంటువి ఉన్న మెసేజ్‌లన్నీ రద్దు చేస్తోంది."

"అంటే?"

"కొత్త దుప్పటి పరిచి, ఆ తర్వాత మంచం మీద ఉన్నవన్నీ లాగి పడేస్తే?"

"కొత్త దుప్పటీ పోతుంది."

"అంతే. తేదీ మార్చుకున్నవాళ్లకి ఒక్క మెసేజ్ కూడా వెళ్లదు. ఆపరేషనైనవాళ్లు, ఆసుపత్రివాళ్లే పిలుస్తారులే అని ఇంట్లో కూర్చుంటారు."

"నువ్వు టెస్టింగ్ నుంచి వచ్చినదానివే కదే, చూసుకోలేదూ?"

"చూశాను! సర్దకముందు చూశాను. అప్పుడు వరస సరిగ్గానే ఉంది. ముక్కలు కోసి జరిపినప్పుడు రెండు వరుసలు కిందామీదా అయ్యాయి. సర్దడమేగా, మళ్లీ ఏం చూస్తాంలే అనుకున్నా."

మా ఆయన అప్పటికి పేపరు టోపీ తీసి పక్కన పెట్టి వింటున్నారు. "ఆ రెండు వరుసలూ మార్చి పెట్టేయరాదూ? పెద్దాయన ఓకే అననే అన్నాడు."

బొంగరం ఆయన వంక చూసింది. ఆ ఆలోచన దానికి రాకపోలేదు, మొహంలోనే తెలుస్తోంది. మార్చేసి నోరు మూసుకుంటే రేపు పొద్దున రిలీజ్‌లో వెళ్లిపోతుంది. ఉద్యోగం నిలబడుతుంది. లేచింది. కూర్చుంది. కిటికీ తెరిచింది, మూసింది.

"ఈ రెండూ కనబడ్డాయి సరే మామయ్యా. ఆ సర్దిన వేల వరుసల్లో ఇంకేం దాక్కుందో ఎవరికి తెలుసు? ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు."

దువ్వెనకి ఫోన్ చేసింది. స్పీకర్లోనే పెట్టింది, చేతులు ఊపుకుంటూ మాట్లాడాలి కదా.

"అన్నా, నా పని వెనక్కి తీసుకుంటున్నా. అందులో తప్పుంది."

"ఎక్కడ?"

చెప్పింది. ఆయన నిట్టూర్చాడు. "నేను చదవలేదమ్మా. అంతా నీటుగా కనబడింది, పైగా మేనేజర్ వెనకాల తరుముతున్నాడు. కిందకి లాక్కుంటూ పోయాను."

"చదవడానికి వీల్లేకుండా పంపింది నేనన్నా."

"వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు."

"మేనేజర్‌కి నేను చెప్పనా?"

"వద్దన్నా. నా చీవాట్లు నేనే తింటా."

మేనేజర్‌తో స్పీకర్ పెట్టలేదు. మేడ మీదికి వెళ్లి మాట్లాడింది. పైన అడుగుల చప్పుడు అటూ ఇటూ, అటూ ఇటూ. నేనూ మా ఆయనా కింద కప్పు వంక చూస్తూ కూర్చున్నాం. దిగి వచ్చాక ఒక్క మాటే అంది. "సోమవారం నుంచి టెస్టింగ్."

నాకు ఒళ్లు మండింది. "నిజం చెప్పినందుకా? ఆ మేనేజర్ నంబరివ్వు, నేను మాట్లాడతా!"

"అత్తయ్యా, నువ్వు మాట్లాడితే నన్ను బిల్డింగ్‌లోంచే పంపేస్తారు" అని నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

టెస్టింగ్ కుర్చీలోకి వెళ్లింది. కానీ ఊరుకుంటుందా? ఆ పని తనకే వదిలేయమని మేనేజర్ని అడిగింది. టెస్టింగ్ పని తగ్గకుండా చేసుకోగలిగితే చేసుకోమన్నాడు. ఈసారి అసలు మార్పు ఒక్కటే పంపింది, నాలుగే వరుసలు. దువ్వెన ఆ నాలుగు వరుసలూ మధ్యాహ్నమంతా చదివాడట! చదివి, తేదీ రెండుసార్లు మార్చుకుంటే ఏమవుతుందని అడిగాడు. ఇది ఎగిరి గంతేసింది, తప్పు పట్టినందుకు కాదు, చదివినందుకు. అది సరిచేసి పంపింది. తర్వాతి రిలీజ్‌లో వెళ్లింది.

"మరి నిన్ను మళ్లీ రాయడానికి పిలుస్తారా?" అని రోజూ అడుగుతాను. మేనేజర్ 'చూద్దాం' అన్నాడట. ఆ చూద్దాం అన్న మాట ఇప్పుడు మా ఇంట్లో ఫ్యాన్‌కంటే ఎక్కువ తిరుగుతోంది. దానికి నిద్ర పట్టదు, దాన్ని చూసి నాకు పట్టదు. మా ఆయన మాత్రం గుర్రు పెడతారనుకోండి.

నిన్న ఆఫీసు నుంచి వస్తూనే దువ్వెనతో ఫోన్లో పోట్లాట. నియమావళిలో ఒక నియమం బాగాలేదుట, చదివేవాడికి అది సాయం చేయకపోగా అడ్డమొస్తోందిట. గుమ్మంలో ఒక చెప్పు, హాల్లో ఒక చెప్పు. "ఎందుకుంది అన్నా ఇది? ఎవరి కోసం? చెప్పు, కారణం చెప్పు!" అని కేకలు. అవతల ఆయన కూడా తక్కువ తినలేదు, గొంతు హాలంతా వినబడుతోంది. చివరికి ఆయనే తగ్గాడు.

"సరేనమ్మా తల్లీ, మార్చాల్సింది ఏమిటో రాసి పంపు. చదువుతాను."

ఇది అప్పటికే రాస్తోంది, నిలబడే.