బావ సంతకం పెట్టిన కాగితం

పోయిన మార్చిలో ఒక సాయంత్రం జర్మనీలోనే ఉన్న డార్మ్‌స్టాట్ నుంచి మా అమ్మాయి ఫోనులో ఒక కాగితం ఫొటో పంపింది. అమ్మాయి అంటే మా అక్క కూతురు, ఏడో ఏట నుంచి నేనే పెంచిన పిల్ల. దానికి అప్పటికి ఆరు వారాల కిందట పాప పుట్టింది. పాపకు బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకుందామని ఫారం నింపడం మొదలుపెడితే, అసలు తల్లికి ఆ పౌరసత్వం ఎలా వచ్చిందో చెప్పమని అందులో ఉందట. అక్కడే పుట్టిందా, తల్లిదండ్రుల నుంచి వచ్చిందా, చిన్నప్పుడు రిజిస్టరు చేయించారా అన్నదాన్ని బట్టి, దేశం బయట పుట్టిన బిడ్డకు అది దక్కుతుందో లేదో తేలుతుంది. రిజిస్టరు చేయించిన సర్టిఫికెట్టేమో మేం ఇంగ్లండు నుంచి ఇక్కడికి, ఎర్లాంగెన్‌కు, ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. అందుకని అమ్మాయి లండన్‌లోని ఇమిగ్రేషన్ ఆఫీసుకు రాసి తన పాత ఫైలు మొత్తం తెప్పించుకుంది. ఎవరి ఫైలు వాళ్ళు అడిగితే ఇప్పుడు ఇస్తారట. నాకు తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు.

ఫొటోలోని కాగితం నేను చూసి ఇరవై ఏళ్ళు దాటింది కానీ చదవాల్సిన పని లేకపోయింది. నేను మద్యానికి బానిసను, నా భార్య పోయాక నా కూతుర్ని పెంచే స్థితిలో లేను, నా దగ్గర ఆమెకు క్షేమం లేదు, కాబట్టి ఆమెను ఇంగ్లండులో ఉన్న నా భార్య చెల్లెలికి అప్పగిస్తున్నాను అని ఇంగ్లీషులో ఉంది. కింద తెలుగులో బావ సంతకం. ఆ కాగితం కింద అమ్మాయి ఒక ముక్క రాసింది. "తన గురించి తను ఇంత నిజాయితీగా ఎవరు రాసిస్తారు చిన్నమ్మా? నేను ఆయన్ని చివరిసారి చూడటానికైనా వెళ్ళాల్సింది."



మా బావ వరంగల్లులో బస్సు కండక్టరు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి, నిలబడి ఉన్నా కదిలే బస్సులో ఉన్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడే మనిషి. మా వైపు పండగంటే కల్లు లేకుండా జరగదన్నది మా వయసు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. దసరాకు మగవాళ్ళంతా కల్లు ముందు కూర్చుంటే బావ ఛాయ్ గ్లాసు పట్టుకుని వాళ్ళ మధ్యనే కూర్చునేవాడు. మరదల్ని కాబట్టి ఎగతాళి చెయ్యడం నా హక్కు అనుకునేదాన్ని. "ఏంది బావా, కల్లు తాగితే మా అక్క కొడ్తదా?" అంటే, "మీ అక్క కొట్టది మరదలా, పొద్దుగాల బస్సు ఎక్కంగనే డ్రైవరు కొడ్తడు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఎందుకు ముట్టడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కొందరికి వంకాయ పడదు, ఆయనకు అది పడదు, అంతే అనుకున్నాం.

నాకు పెళ్ళయి మా ఆయనతో ఇంగ్లండు వెళ్ళిన ఎనిమిదో ఏడు అక్క కామెర్లతో పోయింది. పిల్లకు ఆరేళ్ళు. నేను వెళ్ళేసరికే అన్నీ అయిపోయాయి. పదకొండో రోజున పెద్దవాళ్ళు కూర్చుని పిల్ల సంగతి మాట్లాడారు కానీ, నిజానికి అందులో మాట్లాడటానికేమీ లేదు. తల్లి పోతే చిన్నమ్మ ఉంది. మాకు పిల్లలు లేరు. బావ వాళ్ళమ్మకు కళ్ళు సరిగా కనిపించవు, బావ తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీకి పోవాలి. "నీ దగ్గర ఉంటే వాళ్ళమ్మ దగ్గర ఉన్నట్టే" అని బావే అన్నాడు. పిల్లను ఇచ్చినందుకు ఆయనను ఎవరూ తక్కువ చేసి చూడలేదు, తీసుకున్నందుకు నన్ను ఎవరూ గొప్ప చెయ్యలేదు. ఎందుకని ఎవరూ అడగని పని అది.

అడిగింది ఇంగ్లండు వాళ్ళు. మేమిద్దరం అప్పటికి అక్కడ స్థిరనివాసం తెచ్చుకున్నాం. పిల్లను పిలిపించుకోవచ్చని, కానీ తల్లో తండ్రో కాని బంధువులు పిలిస్తే, ఆ పిల్ల అక్కడే ఉండిపోవడం మంచిది కాదనడానికి చాలా బలమైన కారణం చూపాలని నియమం. మొదటిసారి మేం ఉన్నది ఉన్నట్టే రాశాం. అక్క పోయింది, బావకు తెల్లవారుజామునే డ్యూటీ, నేను చిన్నమ్మను. నాలుగు నెలల తర్వాత కాదని ఉత్తరం వచ్చింది. తండ్రి బతికే ఉన్నాడు, ఆయనకు ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది, ఆయన పెంచలేడనడానికి ఆధారం లేదు అని రాశారు. వాళ్ళు రాసిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. మా ఊళ్ళో ఒకరు పెంచితే ఇంకొకరు చెడ్డవాళ్ళు కానక్కర్లేదు, వాళ్ళ ఫారంలో మాత్రం ఒకరు పనికిరాకపోతేనే ఇంకొకరు పనికొస్తారు.

అక్కడి వకీలు మమ్మల్ని అబద్ధం రాయమనలేదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఏళ్ళు నాకు నేను ఆయన చెప్పబట్టే రాశానని చెప్పుకున్నాను. తండ్రికి జబ్బో, ఇంకేదైనా ఇబ్బందో ఉంటే, ఉంటేనే, దానికి కాగితం తెమ్మన్నాడు. జబ్బుకైతే డాక్టరు కాగితం కావాలి. తాగుడుకు అక్కర్లేదు, తాగేవాడు ఒప్పుకుంటే చాలు. ఆ సంగతి ఆలోచించి పట్టుకున్నది నేనే, వంటింటి బల్ల దగ్గర కూర్చుని. మా ఆయన చదివి, మరీ ఇంతగా అవసరమా అన్నాడు. అవసరమే అన్నాను. నా ఇంగ్లీషు బాగుంటుందని నాకు పేరుండేది. ఆ కాగితం కూడా బాగానే రాశాను.

సంతకం కోసం నేనే వరంగల్లు వెళ్ళాను. బావ డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కా విప్పకుండానే గడప మీద కూర్చుని వేలు పెట్టి చదివాడు. ఇంటరు దాకా చదివాడు, ఇంగ్లీషు తెలుసు. తెలియకపోతే బాగుండునని ఆ పది నిమిషాలూ అనుకున్నాను. చదవడం అయ్యాక, "ఇన్నేండ్లు ఎక్కిరించి ఎక్కిరించి ఆఖరికి తాగుబోతును జేసినవు గద మరదలా" అన్నాడు. నవ్వాడు కూడా. నేను నవ్వలేకపోయాను. నోటరీ దగ్గరికి నడుస్తూ ఒక్కటి మాత్రం అడిగాడు. "ఇది పిల్ల సూడది గదా?" "ఎట్ల చూస్తది బావా, ఆఫీసు బీరువాల పడి ఉంటది" అన్నాను. ఆ మాట నేను నమ్మే అన్నాను.

ఈసారి వీసా వచ్చింది. పిల్ల వచ్చింది, బడిలో చేరింది, ఏడాదిలో వాళ్ళ యాస పట్టింది. మూడేళ్ళకు బావ, పిల్లను చూడాలనిపించి, మాకు చెప్పకుండా తన మిత్రుడి కొడుకు చేత ఫారం నింపించుకుని విజిటర్ వీసాకు పెట్టుకున్నాడు. చలికని స్వెట్టరు కూడా కొన్నాడట. కాదన్నారు. ఎందుకు కాదన్నారో ఆ ఉత్తరంలో ఉంది. ఆయన ఫోను చేసి, "తాగుబోతులకు వీసా ఇయ్యరంట మరదలా" అన్నాడు. ఆ మాటా నవ్వుతూనే అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ పెట్టుకోలేదు.

ఇంతవరకు చేసింది పిల్ల కోసమని నేను అనుకోగలను. తర్వాత చేసిందాన్ని అలా అనుకోవడానికి నాకు చోటు లేదు. పదకొండో ఏట దానికి పౌరసత్వం రిజిస్టరు చేయించడానికి ఫారాలు నింపుతుంటే, పక్కన నిలబడి చూస్తూ, నాన్న ఎందుకు రాడని అడిగింది. ఆఫీసులో ఎవరైనా దాన్ని పిలిచి, మీ నాన్న ఎలాంటివాడని అడుగుతారేమోనన్న భయం అప్పటికే నన్ను పట్టుకుని ఉంది. మంచివాడంటే మా కాగితం అబద్ధమైపోతుంది. అందుకని చెప్పాను. మీ నాన్నకు తాగుడు అలవాటుంది, అందుకే నువ్వు నా దగ్గర ఉన్నావు అని. పిల్ల ఏడవలేదు. సరేనని తలూపి వెళ్ళి పుస్తకం తెరుచుకుంది. ఆఫీసు నుంచి దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది.

అప్పటి నుంచి బావ ఫోను చేస్తే అది దగ్గరికి రావడం మానేసింది. మా ఆయనకు ఎర్లాంగెన్‌లో ఉద్యోగం వచ్చి జర్మనీకి మారాం. అప్పట్లో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంటే ఇక్కడ వీసా మాటే లేదు, అన్‌మెల్డుంగ్ అని ఇంటి చిరునామా నమోదు చేయించుకుంటే సరిపోయేది. కొత్త భాష, కొత్త బడి, మధ్యలో బ్రిటన్ యూరప్ కూటమి నుంచి తప్పుకోవడం, మళ్ళీ నివాస కార్డుల కోసం టెర్మిన్‌లనే అపాయింట్‌మెంట్లు, ఇలా ఏళ్ళు గడిచాయి. బావ ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు. "పిల్ల ఏం జేస్తాంది?" అనేవాడు. చదువుకుంటోంది బావా అనేదాన్ని. సరే సదువుకోనీ అనేవాడు. కాలేజీ అయిపోయి ఉద్యోగంలో చేరాక కూడా నేను అదే జవాబు చెప్పిన ఆదివారాలున్నాయి, ఆయన అదే మాట అన్నాడు.

మా ఆయన పోయిన రెండేళ్ళకు, అంటే నిరుడు కాక ముందటేడు, బావ నిద్రలో పోయాడు. అమ్మాయికి చెబితే, ఆయన నాకు తెలియదు కదా చిన్నమ్మా అంది. కోపంగా కూడా అనలేదు. నేనొక్కదాన్నే వెళ్ళాను. మూడో రోజు పిట్టకు పెట్టడం మా వైపు ఆచారం, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడతారు, తాగే అలవాటుంటే అదీ పెడతారు. ఎవరో అలవాటు కొద్దీ కల్లు తెచ్చి పక్కన పెడితే బావ తమ్ముడు, "అన్న ముట్టనోడు, అది తియ్యుండ్రి, ఛాయ్ వొయ్యుండ్రి" అన్నాడు. అక్కడున్న నలభై మందిలో అది తెలియనివాళ్ళు లేరు. ఆయన కూతురికి తప్ప అందరికీ తెలుసు. కాకి వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.

ఇదంతా మోసుకుంటూ ఉన్నదాన్ని, అమ్మాయి పంపిన ముక్క చదివి రెండు రోజులు ఆలోచించాను. చెప్పకపోయినా నడుస్తుందన్న ఆలోచన రాలేదని చెప్పను. ఆ కాగితం చదివి అది తండ్రిని క్షమించింది, గౌరవించింది కూడా. తన లోపం తానే ఒప్పుకుని బిడ్డను కాపాడిన తాగుబోతు అనుకుంటోంది. అలా వదిలేస్తే దాని మనసు చల్లగా ఉంటుంది, పాపకు పాస్‌పోర్టు వస్తుంది, నేను మంచి చిన్నమ్మగానే పోతాను. పైగా అబద్ధంతో తెచ్చుకున్న పౌరసత్వమని తేలితే వెనక్కి తీసుకోగలరని కూడా చదివాను. నేను నోరు విప్పితే పోయేది దానిదీ కావచ్చు. అయినా బావను ఆ కాగితంలోనే ఉంచేసి దాని చేత క్షమింపజేయడం నాకు చేతకాలేదు.

రైలెక్కి డార్మ్‌స్టాట్ వెళ్ళాను. అల్లుడు ఆఫీసుకు వెళ్ళాడు. పాప నిద్రపోతోంది. చెప్పాను. దసరా దగ్గర మొదలుపెట్టి పిట్టకు పెట్టిన రోజు దాకా, వరసగా, నా వైపు నుంచి సర్దకుండా. అమ్మాయి మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఎప్పుడూ తాగలేదా? ఒక్కసారి కూడా?"

"లేదు."

"మరి నాతో ఎందుకట్లా చెప్పావు? వాళ్ళతో చెప్పావు, సరే. నాతో ఎందుకు?"

భయపడ్డానని చెప్పాను. అది నిజమే కానీ, చెప్పాక జవాబులా అనిపించలేదు.

లాప్‌టాప్‌లో పాప ఫారం తెరిచే ఉంది. చివర్లో, ఇందులో చెప్పినదంతా నిజమని ఒప్పుకుంటూ సంతకం పెట్టే చోటు. అమ్మాయి లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది. "పాప ఇక్కడ పుట్టింది, దానికి జర్మన్ పాస్‌పోర్టు ఎట్లాగూ వస్తుంది చిన్నమ్మా. ఇది వద్దు. మా నాన్న పేరు అక్కడ అట్లా ఉండగా దాని మీద నేను ఇంకో సంతకం పెట్టను" అని మూసేసింది. మా నాన్న అన్న మాట దాని నోట నేను వినడం అదే మొదలు. తన పౌరసత్వం సంగతి వకీలును అడుగుతానంది, ఏం జరిగినా నన్ను అననంది. పేర్లు లేకుండా ఇది రాసుకోమన్నదీ అదే.

మా తరం వాళ్ళం ఆఫీసులకు ఎన్నో రాసిచ్చాం. ఇంగ్లీషులో రాసింది మన మాట కాదని, ముద్ర పడి ఒక బీరువాలోకి వెళ్ళిపోతే మన ఇళ్ళకు తిరిగి రాదని అనుకున్నాం. ఇప్పుడు అడిగితే చాలు, కాగితాలు నడిచి వస్తున్నాయి, వాటిని చదివే పిల్లలకు ఆ ఇంగ్లీషే సొంత భాష. బావ తాగడని చెప్పేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు కానీ, ఇంట్లో ఆయన ఎలాంటివాడో చెప్పగలిగిన వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, ఆయన తమ్ముడూ మొన్న చలికాలంలో పోయాడు. అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు ఫోను చేసి, నాన్న గురించి ఏదైనా చెప్పమంటుంది. చెబుతాను. శ్రద్ధగా వింటుంది. వింటూ వింటూ మధ్యలో, మర్యాదగానే, ఇది నిజమేనా చిన్నమ్మా అని అడుగుతుంది. నిజమే అంటాను. ఇంకొకరిని అడిగి చూసుకోమని చెప్పడానికి నా దగ్గర ఎవరూ లేరు.