శివారు కుళాయి

ఏలూరంటే నీళ్లకు కరువు లేని ఊరని బయటివాళ్ల నమ్మకం. నమ్మరా మరి! ఇటు నుంచి కృష్ణా కాలువ, అటు నుంచి గోదావరి కాలువ ఊళ్లోకి వస్తాయి. కాస్త దక్షిణానికి పోతే కొల్లేరు. ఇన్ని నీళ్ల మధ్య మదారు ఇంటి కుళాయి కింద ఒక్క బిందె నిండడానికి అరగంట పడుతుందంటే ఎవరు వింటారు? వినకపోతే మానెయ్యండి. ఆ అరగంటా గొయ్యిలో గొంతుక్కూర్చుని చెంబుతో పట్టి పోసేది మీరు కాదు, అతని భార్య రబియా.

గొయ్యి ఎందుకంటే నీళ్లు పైకెక్కవు గనక. వీధి మొదట్లో ఇళ్లవాళ్లు కుళాయి గొట్టానికే నేరుగా మోటారు బిగిస్తారు. పొద్దున్న నీళ్లు వదిలే ఆ కాసేపట్లో వాళ్లు మేడ మీద ట్యాంకుల దాకా పీల్చేసుకుంటే, చివరివాళ్లకు మిగిలేది గొట్టం అడుగున పారే తడి. అది అందుకోవడానికి చివరివాళ్లు చుట్టూ గొయ్యి తవ్వి కుళాయిని కిందికి దింపుతారు. ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక ఆ గొయ్యి ఇంకో జానెడు లోతవుతుంది. బోరు వేసుకోకపోయారా అంటారు కొందరు తెలివైనవాళ్లు. వేసి చూశారు. ఉప్పు. ఆ నీళ్లలో సబ్బు కూడా నురగెత్తదు.

మదారుకి యాభై దాటాయి. స్టేషను రోడ్డులో చిన్న వైండింగు షాపు. కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి ఇవ్వడం పని. ఒక చుట్టు తగ్గించి పూర్తిగా చుట్టానని చెప్పడం అతని ఒంట్లో లేదు. ఊళ్లో అతని చేతికి పేరుంది. అటు పెదపాడు చేపల చెరువుల నుంచి కూడా మోటార్లు అతని దగ్గరికే వస్తాయి. విడ్డూరం చూడండి, తన ఇంటికి నీళ్లు రాకుండా చేసే మోటార్లను బాగుచేసి పెట్టి అతను అన్నం తింటున్నాడు. ఈ సంగతి అతనికి తెలియక కాదు. రబియా రోజుకోసారి గుర్తు చేస్తూనే ఉంటుంది.

"ఊరందరికీ మోటార్లు బాగుచేస్తారు. మన కుళాయికొకటి బిగించడానికి మీకు చేతులు రావేమండీ?"

"మన తర్వాత ఇంకో ఇల్లుంది కదా రబియా."

ఆ ఇల్లు తులసిది. వీధికి అదే ఆఖరు. మొగుడు పోయాక బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. పుట్టింది కొల్లేటి లంకలో. చుట్టూ నీళ్లుండి తాగడానికి చుక్క లేని చోట పుట్టిందిగనక నీళ్ల కోసం ఎదురుచూడడం ఆమెకు కొత్త కాదు. రబియా రెండు బిందెలు పట్టుకుని, కుళాయి కట్టేసి, గోడ మీదుగా "తులసీ, కట్టేశానమ్మా" అని కేకేస్తుంది. అప్పుడు తులసి తన గొయ్యిలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి ఆ రెండిళ్ల మధ్య నడుస్తున్న పద్ధతి అది. ఎవరూ రాసిపెట్టింది కాదు.

ఈ వేసవిలో మదారు కూతురు మెహర్ పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నలభై రోజులు పుట్టింట్లో ఉండాలి, అదీ ముచ్చట. కానీ బాలింత ఉన్న ఇంట్లో ఎన్ని నీళ్లు కావాలి! తాగడానికి మదారు స్కూటరు మీద డబ్బాలు మోసుకొచ్చేవాడు. స్నానాలకూ, పసిదాని గుడ్డలకూ ఎక్కణ్ణుంచి తెస్తాడు? తాడేపల్లిగూడెం నుంచి వియ్యపురాలు పిల్లను చూడడానికి వచ్చి, బకెట్లో అడుగున నీళ్లు పెట్టుకుని రబియా పసిగుడ్డుకు నీళ్లు పోయడం కళ్లారా చూసింది. గొంతు పెంచలేదు.

"మా ఇంట్లో తియ్యటి బోరుందండీ వదిన గారూ. మీకెందుకీ శ్రమ? శుక్రవారం వచ్చి తల్లినీ పిల్లనీ తీసుకెళ్తాం" అంది.

రబియా ఆ పూట అన్నం ముట్టలేదు. ఒక్కగానొక్క కూతురి పురుడు కూడా నిండా చెయ్యలేకపోయామే అని ఆవిడ ఏడుపు. మదారుకు తల తీసేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే వీధి మొదట్లో ఉన్న ఈశ్వరరావు ఇంటికి వెళ్లాడు.

ఈశ్వరరావుది పప్పుల హోల్‌సేలు వ్యాపారం. ఆయన మాటంటే వీధిలో గౌరవం. లేవగానే గేటు ముందు సిమెంటు రోడ్డంతా గొట్టంతో కడగడం ఆయనకు నిత్యపూజలాగా. మంచివాడండీ, పనిమనిషిని కూడా 'ఏమే' అనడు. చిక్కంతా అక్కడే. తిట్టేవాడితో అయితే దెబ్బలాడొచ్చు. మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ' పెట్టేవాడితో ఏం పెట్టుకుంటాం?

"రండి రండి మదారు గారూ. మనవరాలు పుట్టిందటగా, చాలా సంతోషమండీ."

"మీ దయండీ. ఆ పనిమీదే వచ్చాను. ఇంట్లో బాలింత. నీళ్లు బొత్తిగా అందట్లేదండీ. ఈ ఎండలు తగ్గేదాకా మన వీధిలో మోటార్లు ఆపుదామండీ. మీరొక్క మాట చెబితే అందరూ వింటారు."

ఈశ్వరరావు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తున్నంతసేపూ చేతిలో గొట్టం రోడ్డు మీద పారుతూనే ఉంది.

"మీ బాధ నాకు తెలుసండీ. కాకపోతే చూడండి, పన్ను నేను కడుతున్నాను. కరెంటు నాది, మోటారు నాది. నా ఇంట్లో నేనెన్ని నీళ్లు వాడుకోవాలో ఇంకొకరు చెప్పడం బాగుంటుందాండీ? ఎవరి స్వేచ్ఛ వాళ్లది. మీరు మోటారు పెట్టుకుంటానంటే నేనేమైనా అడ్డం వచ్చానా?"

స్వేచ్ఛట! రోడ్డు కడుక్కునే స్వేచ్ఛ. పసిగుడ్డుకు స్నానం లేదు మొర్రో అంటే స్వేచ్ఛ గురించి పాఠం. మదారు మాత్రం "చిత్తమండీ" అని దణ్ణం పెట్టి వచ్చేశాడు. అతనికి చాతనైంది అంతే.

ఆ వారంలోనే ఈశ్వరరావు మోటారు కాలింది. గొట్టంలో నీళ్లు లేకపోయినా ఖాళీగా తిప్పుతూ కూర్చుంటే కాలక ఏమవుతుంది? ఆయనదొక్కటే కాదు, వీధిలో సగం మోటార్లు ఒకదాని వెనక ఒకటి మదారు షాపుకొచ్చాయి. బల్ల మీద వరసగా పెట్టి వాటికేసి చాలాసేపు చూశాడు. ఎన్నడూ రాని ఆలోచన వచ్చింది.

తీగ శుభ్రంగానే చుట్టాడు. అందులో చెయ్యి అబద్ధమాడలేదు. కానీ లోపల నీళ్లు లాగే రెక్కల చక్రం ఒకటుంటుంది. అన్నిటికీ దాన్ని ఊడదీసి, ఆకురాయి తీసుకుని రెక్కల అంచులు అరగదీశాడు. పైకి చూస్తే మోటారు కొత్తదానిలా గింగిరాలు తిరుగుతుంది, శబ్దం ఖంగుమంటుంది, లాగుడు మాత్రం సగం. పాపం, దొంగపని అలవాటు లేని చెయ్యి. ఆకురాయి జారి రెండుసార్లు వేలు కోసుకుంది. ఇంటికెళ్లాక రబియా అడిగితే తీగ గీసుకుందన్నాడు. ఆవిడకే చెప్పనివాడు ఇంకెవరికి చెబుతాడు?

మోటార్లు ఇళ్లకు చేరాయి. మర్నాడు పొద్దున్న మదారు ఇంటి కుళాయి దగ్గింది, ఉమ్మింది, తర్వాత ధారగా వచ్చింది. రబియా నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయింది. డ్రమ్ము నిండింది. "తులసీ, కట్టేశానమ్మా" అన్న కేక ఆ పొద్దున పాటలా వినిపించింది. తులసి పిల్లలిద్దరూ గొయ్యిలో దిగి ఒకరి మీదొకరు నీళ్లు చల్లుకున్నారు. శుక్రవారం వియ్యపురాలు వచ్చి, నిండిన డ్రమ్ములు చూసి, పిల్లను ముద్దాడి, "సరేలెండి, మళ్లీ శుక్రవారం వస్తాను" అని వెళ్లిపోయింది. ఆ రెండు మూడు రోజులూ మదారు పెద్ద పండక్కి కొత్త బట్టలు కట్టినవాడిలా తిరిగాడు. తప్పు చేశానన్న బాధ లేదా అంటే ఉంది. కానీ కుళాయి ధార చప్పుడులో అది వినబడలేదు.

మీరేమనుకున్నారు? ట్యాంకు నిండటం లేదని తెలిశాక ఈశ్వరరావు కాస్త తగ్గించి వాడుకున్నాడనా? రోడ్డు కడగడం మానేశాడనా? ఆయన బెజవాడ నుంచి రెట్టింపు తాకత్తున్న మోటారు తెప్పించాడు. పక్కింటివాళ్లు అది చూసి అలాంటిదే తెచ్చారు. ఆ పక్కవాళ్లు ఊరుకుంటారా? వారం తిరక్కుండా చివరి రెండు గోతులూ ఎండిపోయాయి. ఇదివరకు తడైనా వచ్చేది, ఇప్పుడు గాలి వస్తోంది.

అదొక్కటే అయితే బాగుండేది. "మదారు చెయ్యి పోయిందండీ" అన్న మాట వీధిలో పుట్టి, స్టేషను రోడ్డెక్కి, పెదపాడు చెరువుల దాకా వెళ్లింది. టీ కొట్టు దగ్గర అతని వెనకే నిలబడి అనేవాళ్లు. పాపం కళ్లు ఆనడం లేదేమో, వయసు కదా, అని జాలి కూడా. చెయ్యి పోలేదయ్యా, కావాలనే చేశాను అని చెప్పుకోవడానికుందా? చెబితే పనిమంతుడు కాదన్న పేరు పోయి మోసగాడన్న పేరొస్తుంది. ముప్ఫై ఏళ్లుగా తీగ చుట్టిన మనిషి, ఏ పేరు మంచిదా అని బేరీజు వేసుకుంటూ షాపులో ఖాళీగా కూర్చున్నాడు.

మళ్లీ శుక్రవారం రేపనగా ఈశ్వరరావు కబురు పెట్టాడు. మదారు వెళితే ఆయన పాత మోటారు గేటు పక్కన పెట్టి ఉంది.

"మీ మీద నాకేం కోపం లేదండీ. వయసు ఎవరికైనా వస్తుంది. ఇది నాకింక పనికిరాదు, తీసుకెళ్లి మీ కుళాయికి పెట్టుకోండి. ఎంతో కొంత లాగుతుంది."

తన చేతులతో చెడగొట్టిన మోటారును దానంగా తీసుకుని మదారు "మీ దయండీ" అన్నాడు. మోసుకుంటూ షాపుకు వెళ్లాడు. కొత్త రెక్కల చక్రం వేశాడు. చెయ్యి పోయిందన్నారు కదా, ఒకసారి వచ్చి చూస్తే తెలిసేది వాళ్లకు! ఆ మోటారు కంపెనీ నుంచి వచ్చిన రోజున కూడా అంత బలంగా లాగి ఉండదు. సాయంత్రానికి ఇంటి కుళాయికి బిగించేశాడు. ఇన్నేళ్లూ అడిగిన రబియా, తీరా బిగించాక గోడ అవతలికి ఒకసారి చూసి తల దించుకుంది.

శుక్రవారం పొద్దున్న మోటారు వేశారు. నీళ్లు ఎగిసి పడ్డాయి. డ్రమ్ములు నిండాయి, బిందెలు నిండాయి, పసిదాని తొట్టి నిండింది. వియ్యపురాలు వచ్చేసరికి ఇల్లు కడిగి ఉండాలని మెహర్ అంటే గచ్చంతా కడిగారు. అవతల తులసి బిందె పట్టుకుని గొయ్యిలో నిలబడే ఉంది, కేక కోసం. మదారు రెండుసార్లు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. రెండుసార్లూ ఇంకేదో గిన్నె నింపాలనిపించింది. చివరికి ఆపింది అతను కాదు. నీళ్లొదిలే టైము అయిపోయింది, వాటంతటవే ఆగిపోయాయి.

తులసి గొయ్యి ఎక్కి, ఖాళీ బిందెతో వాకిట్లోకి వచ్చింది. తడి గచ్చు చూసింది. మోటారు చూసింది. ముఖంలో కోపం లేదు. ఉంటే మదారుకు కాస్త తేలికగా ఉండేది.

"రా అమ్మా, రా. మా డ్రమ్ములో పట్టుకెళ్లు. నువ్వు అడగాలా? రోజూ వచ్చి పట్టుకెళ్లు, నేను కాదంటానా?" అన్నాడు మదారు గబగబా. అంటున్నప్పుడు అతని గొంతు నిజంగానే ప్రేమగా ఉంది.

"వద్దు లెండి బాబాయి గారూ. అడిగి తెచ్చుకునేదైతే ఈశ్వరరావు గారిల్లు ఉంది కదండీ. ఆయన ఎప్పటినుంచో రమ్మంటున్నారు, నేనే వెళ్లలేదు. మీ కుళాయి ఉంది కదా అని" అంది తులసి.

బిందె చంకన పెట్టుకుని వీధి మొదటికేసి నడిచింది.