అంకెలను నిద్రపుచ్చిన మాస్టారు

లెక్కల మాస్టారికి నలభై ఆరో ఏట విమానం ఎక్కే యోగం పట్టింది. పరాయి దేశంలో ఒక బడికి లెక్కలు చెప్పేవాళ్ళు కావాలని తెలిసి, ఆర్నెల్లు సాయంత్రాలన్నీ కూర్చుని ఆ భాష నేర్చుకుని, పరీక్ష గట్టెక్కి, మూడేళ్ళ ఒప్పందం మీద బయలుదేరారు. ఆయన భార్య ప్రభుత్వాసుపత్రిలో నర్సు. "ఇక్కడి సంగతి నాకొదిలేయండి. మీకు అన్నం వార్చడం వచ్చేదాకా మాత్రం రోజూ ఫోన్ చేయండి" అని సాగనంపింది.

అక్కడ అన్నీ మెత్తగా జరిగేవి. తలుపులు చప్పుడు లేకుండా మూసుకునేవి. నడవాలో రెండొందల మంది పిల్లలు నడిచినా, వాన వెలిశాక చూరు నుంచి నీళ్ళు జారినంత అలికిడే. మొదటిరోజు ఐదో తరగతి గుమ్మంలో, పిల్లలు లేచి నిలబడతారని మాస్టారు కాసేపు ఆగారు. ఎవరూ లేవలేదు. మాస్టారు ఎందుకు ఆగిపోయారో తెలియక వాళ్ళూ ఆయన వంకే చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆయనే తలవంచి లోపలికి వెళ్ళారు.

పిల్లల పేర్లకి నాలుక తిరగక, మనసులోనే ముద్దుపేర్లు పెట్టుకున్నారు. ముందు బల్ల మీద బుగ్గల రాయుడు, కిటికీ పక్కన ఆవలింతలమ్మ, ఎప్పుడూ చెవి మీద పెన్సిలు దోపుకుని ఉండే అమ్మాయి పెన్సిలు పాప. పొడుగాటి కిటికీల్లోంచి పల్చటి ఎండ బల్లల మీద పాకుతుంటే, ఆ కొత్త భాషలో తన గొంతు పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించేది ఆయనకి. కూడికలు చెప్పినప్పుడల్లా పిల్లలు తమలో తాము చిన్నగా నవ్వుకునేవారు. పాఠం నచ్చిందనుకుని ఆయన మురిసిపోయేవారు.

చివరి గంట కొట్టాక పావుగంటసేపు పిల్లలూ మాస్టార్లూ కలిసి గది శుభ్రం చేయడం అక్కడి పద్ధతి. పుట్టి బుద్ధెరిగాక చీపురు ముట్టని మనిషి ఆయన. ఆ మాట విని భార్య ఫోన్‌లో, "ఏదీ, ఒకసారి వీడియో పెట్టండి! ఈ జన్మకి అది చూస్తే చాలు" అని పడీపడీ నవ్వింది. కానీ రానురానూ ఆ పావుగంట కోసమే ఆయన ఎదురుచూడసాగారు. తడిగుడ్డతో అద్దం తుడుస్తుంటే, అవతల చెట్లూ ఆటస్థలమూ నీళ్ళలో మునిగి మళ్ళీ పైకి తేలినట్టుండేవి.

మూడో నెలలో ఒకరోజు పక్క అద్దం తుడుస్తున్న పెన్సిలు పాప నెమ్మదిగా అడిగింది.

"మాస్టారూ, ఒక మాట చెప్తే కోప్పడరు కదా?"

"ఎందుకు కోప్పడతానమ్మా, చెప్పు."

"మీరు ఐదునీ ఏడునీ నిద్రపుచ్చమంటున్నారు. కలపమనడానికి ఆ మాట కాదు. చివర కొంచెం సాగదీయాలి."

మాస్టారి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మూడు నెలల నుంచీ అదే అంటున్నానా?"

"అవును."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"పెద్దవాళ్ళ తప్పు నలుగురిలో ఎత్తిచూపకూడదు కదండీ. ఇప్పుడైతే మీ చేతిలోనూ గుడ్డే ఉంది, నా చేతిలోనూ గుడ్డే ఉంది. అందుకని చెప్పాను."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు సెలవు పెట్టి, గదిలో కూర్చుని భార్యకి ఫోన్ చేశారు. ఆవిడకి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"మా వార్డులో ఒక్కరిని నిద్రపుచ్చాలంటే మా తల ప్రాణం తోకకొస్తుంది. మీరు ఏకంగా అంకెల్నే పడుకోబెట్టేశారు!" అని, ఆయన నవ్వడం లేదని గమనించి గొంతు తగ్గించింది. "ఆ పిల్ల అంత మర్యాదగా చెప్తే మీరు మంచమెక్కుతారా? రేపు వెళ్ళి ఆ మాట సరిగ్గా అనండి. అంతే."

మర్నాడు మాస్టారు నల్లబల్ల ముందు నిలబడి, మాట చివర జాగ్రత్తగా సాగదీసి, "కలపండి" అన్నారు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బుగ్గల రాయుడి మొహం వాడిపోయింది.

"ఇక నిద్రపుచ్చమా మాస్టారూ?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఐదు చిన్నది కాబట్టి గోడ వైపు పడుకుంటుందట. సున్నా ఎప్పుడూ నిద్రలోనే ఉంటుందట. తీసివేతలో ఒకరు లేచి వెళ్ళిపోతారట. పెన్సిలు పాప తన పుస్తకం తెచ్చి చూపించింది. లెక్కల పక్కన అంచు పొడవునా, దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్న అంకెలు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"పరీక్షలో కలపండి. గదిలో మీ ఇష్టం" అన్నారు.

ఆ వారమే భిన్నాలు మొదలయ్యాయి. సగం ఎలా నిద్రపోతుందని ఆవలింతలమ్మ అడిగింది. మాస్టారు సుద్దముక్క పట్టుకుని ఆలోచించి, "ఒక కన్ను తెరిచి" అన్నారు.

వేసవి సెలవుల్లో భార్య చూడడానికి వచ్చింది. ఖాళీ బడిలో గదులన్నీ తిప్పి చూపించారాయన. ఆవిడ చిన్నపిల్లల బల్ల మీద ఇరుకుగా సర్దుకుని కూర్చుని, "ఏదీ, నాకూ ఒక పాఠం చెప్పండి" అంది. మాస్టారు ఆ దేశపు భాషలోనే మొదలుపెట్టారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆవిడ గడ్డం కింద చేయి పెట్టుకుని చివరిదాకా విన్నది.