ఏడు వోల్టుల ఫ్యాను

బిడ్డ పోయిన మూడో నెలలో నేను పూనుకున్న పని, ఇంట్లో కంప్యూటరు చప్పుడు తగ్గించడం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పట్లో లోకంలో దాన్ని మించిన పని లేదన్నట్టే తిరిగాను.

రాజమండ్రిలో మాది మేడ మీద రెండు గదులు, వంటిల్లు ఉన్న అద్దె వాటా. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటుని నేను. పెళ్ళయిన కొత్తలో ఒక్కో ముక్కా పోగేసుకుని బుల్లి కంప్యూటరు ఒకటి కట్టుకున్నాను. ముందుగదిలో మా ఆవిడ కుట్టుమిషను పోగా మిగిలింది జానెడు చోటు, అందుకని బుల్లిది. ఆ డబ్బాలోనే కార్ల పందెం ఆడుకోవడానికి సరిపడే గ్రాఫిక్స్ కార్డు కూడా కుక్కాను. డబ్బా చిన్నది, వేడి పెద్దది. ఆ వేడిని బయటికి తోలడానికి అరచేతంత ఫ్యాన్లు మూడు, ఎవరో తరుముతున్నట్టు తిరిగేవి. స్విచ్ వేస్తే పిండిమర మొదలైనట్టే. కింద వాటాలో ఇంటివాళ్ళ మామ్మగారు మెట్ల దగ్గర కనబడినప్పుడల్లా "ఏంటి బాబూ, నిన్న కూడా మరాడించావా?" అని వేళాకోళం ఆడేవారు.

పిల్లాడు నాలుగు రోజులు బతికాడు. పసిగుడ్డు కదా, దహనం లేదు, పదకొండో రోజు లేదు, భోజనాలు లేవు. గోదారి ఒడ్డున ఓ మూల గొయ్యి తీసి, పూడ్చి, కాళ్ళు కడుక్కుని వచ్చేశాం. పెద్దవాళ్ళెవరైనా పోతే ఏడవడానికి ఇన్ని రోజులని ఉంటాయి, వచ్చిపోయేవాళ్ళు ఉంటారు, శోకాలు పెట్టేవాళ్ళు ఉంటారు. వీడికి ఒక్క పూటైనా కేటాయించలేదు ఎవరూ. మర్నాడు పాలవాడు మామూలుగా వచ్చాడు.

కడియం నుంచి మా అత్తగారు వచ్చి నెల్లాళ్ళు ఉన్నారు. ఉన్నన్నాళ్ళూ కూతురికి ఒకటే మాట. "ఏడవకే అమ్మా. చంటిబిడ్డ ఎక్కడికీ పోడు, మళ్ళీ నీ కడుపునే పుడతాడు. నువ్వు ఏడిస్తే ఆ ఏడుపు విని వెనక్కి చూస్తాడు, దారి తప్పిపోతాడు." వాళ్ళ ఇంట్లో తరాల నుంచి ఉన్న నమ్మకమట. నా వైపు తిరిగి "మీరు కూడా జాగ్రత్తండి బాబూ, దాన్ని ఏడవనివ్వకండి" అన్నారు. నేను తలూపాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా తలూపేవాణ్ణి.

మా ఆవిడ తల్లి మాట తు.చ. తప్పలేదు. ఒక్క చుక్క రాల్చలేదు. వంట చేసేది, బట్టలు మడతపెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అన్నం వడ్డించి నా ఎదురుగా కూర్చుని గోడకేసి చూసేది. నేనూ ఏడవలేదు గానీ నాది మాట వినడం కాదు. నాకు అసలేమీ రాలేదు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఆకలి మాత్రం వేళకి ఠంచనుగా వేసేది. అలా వేసినందుకు నామీద నాకే అసహ్యంగా ఉండేది.

ఆవిడని చూస్తే మాత్రం భయం వేసేది. మనిషి లోపల్లోపలే గడ్డకట్టుకుపోతోందని, ఇంకొన్నాళ్ళు పోతే పిలిచినా పలకదని భయం. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పరీక్ష చేసి, "నిద్ర సరిగా లేదు. పగలైనా సాయంత్రమైనా పడుకున్నప్పుడు పడుకోనివ్వండి, ఇంట్లో చప్పుడు లేకుండా చూసుకోండి" అన్నారు.

ఇంట్లో చప్పుడంటే ఇంకేముంది, నా పిండిమరే. కాలేజీ నుంచి వచ్చి కాఫీ తాగి, ఆరింటికి కంప్యూటరు ముందు కూర్చుంటే ఏడున్నర దాకా లేచేవాణ్ణి కాదు. సరిగ్గా ఆ వేళకే మా ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. పాపం అలిసిపోయి నడుం వాలుస్తుంది, నేనేమో మర ఆడిస్తున్నాను అనుకునేవాణ్ణి. కంప్యూటరు ఆపేస్తే సరిపోయేది కదా అంటారేమో. ఆపలేకపోయాను. ఆ గంటన్నరలో తెర మీద రోడ్డు ముందుకొస్తూ ఉండేది, నేను తిప్పుతూ ఉండేవాణ్ణి, ఇంకేం ఆలోచించక్కర్లేదు. అది లేకుండా ఆ ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు, అంతే.

మెయిన్ రోడ్డులో ఒక కాంప్లెక్సు మూడో అంతస్తులో విడిభాగాల షాపు ఉండేది. ముందు కరెంటు సప్లయి డబ్బా మార్చాలనుకున్నాను. పాతదాని ఫ్యాను గరగరమనేది, పైగా సాయంత్రాలు మా వీధిలో వోల్టేజీ పడిపోతే డబ్బా కాలిపోతుందేమో అన్నంత వేడెక్కేది. షాపాయన రెండు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండింటి మీదా ఒకే వాట్ల అంకె.

"స్టిక్కరు చదవకండి మాస్టారూ, స్టిక్కరు ఎవడైనా అంటిస్తాడు. చేత్తో పట్టుకుని చూడండి" అన్నాడు.

ఒకటి అట్టపెట్టెలా తేలిగ్గా ఉంది. రెండోది చెయ్యి కిందికి లాగింది. అందులో రాగి చుట్లు, అల్యూమినియం పలకలు నిజంగా ఉన్నాయన్నమాట. ఆయన దాన్ని కొబ్బరికాయ చూసినట్టు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, లోపల ఏదైనా వదులుగా ఆడుతోందేమోనని. నా చేతికిచ్చి నన్నూ ఊపమన్నాడు. నేను చాలాసేపు ఊపాను. ఏదైనా వినబడుతుందేమోనని కళ్ళు మూసుకుని మరీ విన్నాను. "అంత అనుమానం వద్దండి, మీకు నేనున్నాను కదా" అన్నాడు. బరువుదే తీసుకున్నాను. దాని అడుగున పళ్ళెమంత ఫ్యాను, మెల్లగా తిరుగుతుంది.

చిన్న ఫ్యాను వేగంగా తిరిగితే తప్ప గాలి తొయ్యలేదు, చప్పుడంతా ఆ వేగంలోనే ఉంది. పెద్దది నింపాదిగా తిరిగి అంతే గాలి తోస్తుంది. కాబట్టి క్యాబినెట్టుకీ పెద్ద ఫ్యానే కావాలి. షాపులో దొరికింది ఒక్కటే రకం, అది పూర్తి వేగంతో తిరిగితే నా పాత మూడింటికంటే ఎక్కువ మోత. దానికి విరుగుడు నాకు తెలుసు. మామూలుగా పసుపు వైరుకీ నల్ల వైరుకీ కలిపితే పన్నెండు వోల్టులు అందుతాయి. నల్లది తీసి, ఐదు వోల్టులుండే ఎర్రదానికి కలిపితే మిగిలేది ఏడే. ఏడు వోల్టులకి ఆ ఫ్యాను పడవ తెడ్డులా తిరుగుతుంది.

క్యాబినెట్టు పక్క రేకుకి అంత కంత లేదు. కిటికీ గ్రిల్సు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే "ఇది కోస్తే గ్యారంటీ పోదాండీ?" అని జాలిపడి, గుండ్రంగా కోసిచ్చాడు. గ్రాఫిక్స్ కార్డు మీద గోలపెట్టే ఫ్యాను పీకేసి, అసలు ఫ్యానే అక్కర్లేకుండా వేడి లాగేసే పెద్ద అల్యూమినియం రెక్కల దిమ్మ బిగించాను. ప్రాసెసరు మీదకి రాగి అడుగున్న దిమ్మ. అదురు రేకులోకి పాకకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి ప్రతి స్క్రూకీ వాషర్లు వేశాను. పది రోజులు పట్టింది ఇదంతా. పది రోజులూ ఫ్యాన్ల గురించి తప్ప ఇంకో ఆలోచన లేదు నాకు. ఇది ఆవిడ కోసం చేస్తున్నాను అని నాకు నేను చెప్పుకుంటుంటే మంచివాణ్ణన్న తృప్తి కూడా కొంచెం కలిగింది.

ఆ పని నడిచినన్నాళ్ళూ కంప్యూటరు విప్పే ఉంది. మా ఆవిడ రోజూ ఆరింటికి వచ్చి, నేల మీద పరిచిన సామాను చూసి, "ఇంకా అవ్వలేదా అండీ?" అని అడిగేది. మూడు నెలల్లో తనంతట తాను నన్ను అడిగిన మాట అదొక్కటే. నా పని మీద శ్రద్ధ పుట్టిందని సంబరపడ్డాను. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు.

పదకొండో రోజు సాయంత్రం అంతా బిగించి స్విచ్ వేశాను. నీలం దీపం వెలిగింది. చెయ్యి పెడితే గాలి వస్తోంది, చెవి పెడితే ఏమీ లేదు. అంత బాగా కుదురుతుందని నేననుకోలేదు. ఆవిడ అప్పటికే వంటింట్లోంచి దీపం చూసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. స్పీకర్లు ఆపేసి ఆట మొదలెట్టాను.

రెండో మలుపు దగ్గర వినబడింది. ముందు కింద వాటాలో ఎవరో అనుకున్నాను. తర్వాత తెలిసింది. తలగడలోకి అదిమిపెట్టినా ఆగని ఏడుపు, మధ్యలో ఊపిరి కోసం ఆగడం, మళ్ళీ అందుకోవడం. కొత్తగా ఏడ్చేవాళ్ళ ఏడుపు కాదది. రోజూ నడిచే దారిలో నడిచినట్టుంది. తెర మీద నా కారు గోడకి గుద్దుకుని ఆగిపోయింది.

లేచి తలుపు కొట్టాను. టక్కున ఏడుపు ఆగిపోయింది. తలుపు తీసి నన్ను చూసింది, నా వెనక వెలుగుతున్న దీపం చూసింది.

"కంప్యూటరు పెట్టే ఉందా అండీ?"

"ఉంది. చప్పుడు రాకుండా చేశాను. నువ్వు పడుకుంటావని."

"నేనెప్పుడు పడుకున్నానండి?" అంది. ఆవిడ మొహంలో అంత భయం ఆస్పత్రిలో కూడా చూడలేదు నేను. "రోజూ ఆ మోతలోనే కదా ఏడ్చుకునేదాన్ని. పది రోజులు బిగబట్టానేమో, దీపం చూసి మోత ఉందనే అనుకున్నాను. ఇప్పుడిదంతా వినబడిపోయిందా?"

"వినబడితే ఏమైంది? నేనేమైనా అంటానా?"

"మీకని కాదండి" అంది. "వాడికి."

మూడు నెలలుగా నా ఒంట్లో ఎక్కడా తగలని నొప్పి అప్పుడు తగిలింది. అలాంటివి నమ్మకు అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. వెనక్కి వచ్చి కంప్యూటరు ఆపాను. పక్క రేకు ఊడదీసి, ఫ్యాను వైరు ఎర్రదాంట్లోంచి పీకి నల్లదానికి పెట్టాను. రెండుసార్లు తప్పాను. మళ్ళీ స్విచ్ వేశాను. పెద్ద ఫ్యాను హోరుమని అందుకుంది.

"సరిపోతుందా?" అని గట్టిగా అడిగాను.

గుమ్మంలో నిలబడి తల వంచుకుని శ్రద్ధగా వింది. "ఇంకొంచెం కావాలండి" అంది.

మంచం కింద పడేసిన పాత ఫ్యాన్లు మూడూ తెచ్చి, బిగించకుండానే వైర్లకి తగిలించి బల్ల మీద వదిలేశాను. అవి చెక్క మీద ఎగిరెగిరి తిరిగాయి. కింద నుంచి మామ్మగారు ఏదో అరిచారు, ఏమన్నారో వినబడలేదు. అప్పుడు తలూపి ఆవిడ లోపలికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళి లోపలినుంచి తలుపు వేశాను.